చెవిటి చప్పట్లు

ఇనెస్ మేడమ్ పోయిందన్న మాట నేను పప్పు ఎనుపుతూ విన్నాను. కువైట్‌లో నర్సుగా ఉన్న మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మిష్రిఫ్‌లో నువ్వు పన్జేసిన ఇంట్లో స్పెయిన్ ఆయమ్మ ఉండ్య గదా, మొన్న పోయిందంట. నిద్రలోనే పోయిందంట" అని చెప్పి, ఇక్కడ వానలు పడినాయా అని అడిగి పెట్టేసింది. నేను పప్పు దించి, తిరగమాత పెట్టి, అందరికీ వడ్డించి, నేనూ రెండు ముద్దలు తిన్నాను. దుఃఖం వస్తే ఏడ్వొచ్చు. ఎందుకేడుస్తున్నావని ఇంట్లోవాళ్ళు అడిగితే చెప్పుకోవచ్చు. నాకు వచ్చింది ఉత్త దుఃఖం కాదు. చిన్నప్పుడు కుండో చట్టో పగలగొట్టి, అమ్మ వాకిట్లోకి వస్తున్న చప్పుడు వింటే కలుగుతుందే, ఆ భయం. నాలుగు కథలు రాసుకున్నందుకు ఈ ఊళ్ళో నన్ను రచయిత్రి అంటారు. ఎదుటివాళ్ళ మనసుల్లో దూరి రాస్తానని పొగుడుతారు కూడా. ఆ మిష్రిఫ్ ఇంటి గురించి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ముక్క రాయలేదు.

నేను ఆ ఇంటికి వెళ్ళేనాటికి ఇంటర్ తప్పి, పెళ్ళి సంబంధాలు కుదరక, ఇంట్లో అందరికీ అడ్డంగా కనిపిస్తున్న వయసు. మా నాయన అప్పటికే కువైట్‌లో, సబ్హాన్‌లోని ఒక ఫర్నిచర్ షెడ్డులో వడ్రంగి. ఖైతాన్‌లో రాయచోటివాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. ఎవరినో పట్టుకుని నాకు వీసా తెప్పించి, విమానం దిగిన రోజే తీసుకెళ్ళి ఆ ఇంటి గుమ్మంలో నిలబెట్టాడు. ఇంటి యజమానురాలు ఉమ్ ఖాలిద్ అనే పెద్దావిడ. పనివాళ్ళందరి లాగే నేనూ మామా, అంటే అమ్మా, అనే పిలిచేదాన్ని. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేచేది కాదు కానీ, ఆ కుర్చీలోంచే ఇల్లంతా నడిపేది. పొద్దున్నే ఏలకుల కాఫీ వాసన, మధ్యాహ్నం మాంసంతో ఉడికే ఎండునిమ్మకాయల వాసన, సాయంత్రం బొగ్గుల మీద వేసిన ధూపం వాసన. కళ్ళు మూసుకున్నా వేళ తెలిసిపోయేది. ధూపం పళ్ళాన్ని మామా తన జీరాడే ముసుగు కింద పెట్టుకుని, తర్వాత నా చున్నీ కింద కూడా ఒకసారి తిప్పేది. తిట్టినరోజు కూడా తిప్పేది. తిట్టు వేరు, ధూపం వేరు.

ఇనెస్ మేడమ్ ఆమె కోడలు. మామా ఒక్కగానొక్క కొడుకు ఖాలిద్ సైన్యంలో ఆఫీసరు. శిక్షణ కోసం స్పెయిన్ పోయి, శిక్షణతో పాటు సెవియా ఊరి పిల్లను కూడా తెచ్చుకున్నాడు. పిల్లలు లేరు. మేడమ్‌కీ నాకూ మాటలు అరబీలోనే జరగాలి. మా ఇద్దరి అరబీ కలిపితే ఒక మనిషికి సరిగ్గా చాలదు. ఆమెకు మేడ మీద ఒక గది ఉండేది. నేల మీద చెక్క పలకలు పరిపించుకుంది. మధ్యాహ్నం మామా కునుకు తీసే వేళకు ఆ గదిలో టేపురికార్డరు పెట్టేది. మొదటిసారి విన్నప్పుడు ఎవరో పోయారనుకుని పరిగెత్తాను. గిటారు టకటకమంటుంటే, గొంతు పగిలిన మగమనిషి ఒకడు పీనుగ ముందర కూర్చున్నట్టు రాగం తీస్తున్నాడు. ఆమె మాత్రం అద్దం ముందు నిటారుగా నిలబడి, చేతులు రెండూ నెమ్మదిగా పైకి తీసుకుపోతూ, వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతోంది. అడుగు ఇంకా వేయలేదు. ఊరికే నిలబడటం కూడా ఆటలో భాగమని నాకు ఆ రోజే తెలిసింది. అది సొలెయా అని, ఒంటరిగా ఆడేదని, తొందరపడితే చెడిపోతుందని తర్వాత చెప్పింది. సెవియానాస్ అని ఇంకోటి ఉంది. అది తిరునాళ్ళ ఆట, జంటలుగా ఆడతారు, తాతలూ మనవరాళ్ళూ అందరికీ వస్తుంది. జోతా అని ఇంకో ప్రాంతంవాళ్ళది ఉంది, అందులో గంతులెక్కువ. మామా నిద్రలేచిందంటే అన్నీ ఖలాస్. ఆటా పాటా పరువు తక్కువ పనులని ఆమె గట్టి నమ్మకం.

మేడమ్ చేతికి కట్టుకుని మోగించే చెక్కలు ఉండేవి. ఆల్చిప్పలంత చిన్నవి, రెండేసి దారంతో కలిపి బొటనవేలికి తగిలించుకుంటారు. ఆ దేశపు ఎండకీ ఇంట్లో ఏసీకీ మధ్య నలిగి అందులో ఒకటి బీటలిచ్చింది. ఈ సంగతి శుక్రవారం నాయన చూడటానికి వచ్చినప్పుడు చెప్పాను. ఆయన కళ్ళు వెలిగాయి. మా ఊళ్ళో నాయన చెక్కభజన గురువు. ఉట్ల పండక్కి, రామనవమికి నాయన చెక్కలు పట్టి మధ్యలో నిలబడితే చుట్టూ మగవాళ్ళంతా గజ్జెలు కట్టుకుని తిరిగేవాళ్ళు. ఆడపిల్లల్ని ఆ వరసలో నిలబెట్టరు. నేను అరుగు మీద కూర్చుని చూసిందే. తర్వాతి శుక్రవారానికి నాయన టేకు ముక్కతో కొత్త జత చేసుకొచ్చాడు. నున్నగా చెక్కి, పాలిష్ పెట్టి, అంతటితో ఊరుకోక, ఒక్కో చెక్కకీ ఇత్తడి బిళ్ళలు కూడా బిగించాడు. బిళ్ళలు లేని చెక్క నాయన దృష్టిలో తాళి లేని పెళ్ళికూతురు. మేడమ్ వాటిని వేళ్ళకు తగిలించుకుని ఒక్కసారి మోగించగానే టకటకతో పాటు ఘల్లుఘల్లుమంది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నాయన చిన్నబుచ్చుకున్నాడు. అది చూసి ఆమె నవ్వు ఆపి, నాయన వైపు తిరిగి చప్పట్లతో ఒక వరస వేసింది. నాయన ఊరుకుంటాడా, అల్మరా తలుపు మీద వేళ్ళతో జవాబు వేశాడు. ఆమె తాళం మొదటి దెబ్బ మీద మొదలు కాదు. ఎక్కడో మధ్యలో బరువు పెట్టి తిరిగి అక్కడికే వస్తుంది. నాయన రెండుసార్లు తప్పి, మూడోసారి పట్టుకున్నాడు. కింద నుంచి మామా కర్రతో నేల పొడిచేదాకా ఇద్దరూ ఆగలేదు.

ఆ రోజు గేటు దగ్గర నాయన నాతో అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మే పద్మా, ఆయమ్మ ఉత్త యజమానురాలు గాదు, గురువు. ఆయమ్మ దగ్గర ఒక్క అడుగు నేర్చుకున్నా గురువే. కాళ్ళకు మొక్కకుండా దగ్గరనించి పోగూడదు, తెలిసిందా?" మా చెక్కభజనలో అది చట్టం. గజ్జె కట్టేముందు మొక్కాలి, విప్పేముందు మొక్కాలి, ఊరు విడిచి పోయేముందు తప్పనిసరిగా మొక్కాలి. అరుగు మీద కూర్చుని చూసి చూసి, ఆట రాకపోయినా ఆ మొక్కడం మాత్రం నా ఒంటికి పట్టేసింది.

మా ఊళ్ళో పీర్ల పండగ నిప్పుల గుండం తొక్కే రోజున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. పొద్దున లేచేసరికి ఆకాశంలో హెలికాప్టర్లు. ఖాలిద్ సారు ముందురోజే డ్యూటీకి పోయాడు, తిరిగి రాలేదు. ఫోన్లు పోయాయి. డ్రైవరు ఇంటి కారు తీసుకుని సౌదీ వైపు పారిపోయాడు. చుట్టుపక్కల విల్లాలు సగం ఖాళీ, వేసవికని వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోయారు. మా ఇంట్లో మిగిలింది ముగ్గురం ఆడవాళ్ళం. కొన్నాళ్ళకు సైనికులు ఆఫీసర్ల ఇళ్ళు వెతుకుతున్నారని, దొరికినవాళ్ళ భార్యల్ని కూడా తీసుకుపోతున్నారని పక్కింటివాళ్ళు గోడ మీదుగా చెప్పారు. పైగా మేడమ్ తెల్లదొరల దేశపు మనిషి. ఆ దేశాలవాళ్ళని పట్టి బాగ్దాద్ పంపుతున్నారు. దొరికితే రెండు విధాలా ప్రమాదమే. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరు. ఇండియా పనిమనిషిని కుర్చీలా చూస్తారు, బల్లలా చూస్తారు కానీ మనిషిగా చూడరు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది మామానే. "దీన్ని నీలా చేసెయ్" అంది నాతో, కోడలి వైపు గడ్డంతో చూపిస్తూ.

చేశాను. నా పాత నైటీ వేశాను. జుట్టుకి కొబ్బరినూనె కారేట్టు పట్టించి బిగించి జడ వేశాను. మొహానికి, మెడకి పసుపు రాశాను, మా ఊళ్ళో ఆడవాళ్ళు రాసుకున్నట్టే. నుదుట బొట్టు పెట్టాను. అద్దంలో చూస్తే రాజంపేట బస్సులో నా పక్కన కూర్చోదగ్గ మనిషి. కానీ లేచి నడిచేసరికి అంతా బయటపడింది. ఆ వెన్ను ఎక్కడ దాచాలి? చీపురు పట్టుకున్నా రాజ్యం ఏలుతున్నట్టుగా పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ వాళ్ళ మేనత్త ఆట చెబుతూ కర్రతో తట్టి నేర్పిన నిలబడటం అది. అప్పుడు నేను నేర్పడం మొదలుపెట్టాను. భుజాలు ముందుకు వెయ్యండి. చూపు ఎదుటి మనిషి చెప్పుల మీద పెట్టండి. బరువు ఒక కాలి మీద వేసి, తలుపు చాటున సగం ఉండండి. ఎవరైనా పిలిస్తే ముందు చున్నీ అంచు పట్టుకుని తర్వాత కదలండి. చూపించమంది, చూపించాను. ఆమె నన్ను చూసి చేస్తుంటే నేను నిలబడే తీరు నాకు మొదటిసారి కనిపించింది. నాకు అది ఎవరూ నేర్పలేదు. ఎప్పుడు నేర్చుకున్నానో కూడా తెలియదు. సిగ్గేసింది. అయినా నేర్పాను, బాగా నేర్పాను. మాట తేడా పడకుండా మూగదని చెప్పాలనుకున్నాం. సరోజ అని పేరు పెట్టాం.

మొదటిసారి సోదాకు వచ్చినప్పుడు ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఒక సైనికుడు ఆమెను దాటుకుని వెళ్ళి ఫ్రిజ్ తెరిచి చూశాడు. వాళ్ళు పోయాక ఆమె చాలాసేపు అలాగే వంగి కూర్చుంది. నేను వెళ్ళి భుజం తట్టాల్సి వచ్చింది.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. ఎందుకంటే ఆ తర్వాత గడిచిన వారాలు నా వయసుకాలంలో నేను అన్నిటికంటే సంతోషంగా ఉన్న వారాలు. ఇంటికి అతిథులు లేరు, విందులు లేవు, ఇస్త్రీ చేయాల్సిన గుట్టలు లేవు. మధ్యాహ్నం ఎండకి వీధి మూలనున్న సైనికులు గోడ నీడన వాలిపోయేవాళ్ళు. ఆ వేళకి మేము కిటికీలకు దుప్పట్లు కట్టి, మామా కుర్చీని మేడ మెట్ల కింద ఉన్న నడవలోకి జరిపి, నేల మీద తివాచీల మీద తివాచీ పరిచేవాళ్ళం. మేడమ్ మొగుడు ఉన్నాడో లేడో తెలియదు. ఏదో ఒకటి చేయకపోతే ఆమెకు పిచ్చిపట్టేట్టు ఉండేది. నాకు నేర్పింది. చెప్పులు లేకుండా, టేపురికార్డరు లేకుండా, చెక్కలు లేకుండా. పాట పెదవుల మీదే పాడేది. తాళానికి అరచేతుల్ని గిన్నెల్లా వంచి కొట్టేది. చప్పుడు గదిలోంచి బయటికి పోదు. వాళ్ళ ఊళ్ళో పాటగాడి గొంతును మింగకుండా ఇలా కొడతారట, దాన్ని చెవిటి చప్పట్లు అంటారట. మొదట్లో గోడ వైపు మొహం తిప్పుకున్న మామా ఒకరోజు తనూ చేతులు గిన్నె చేసింది. ఆ తరం కువైటీ ఆడవాళ్ళకు చప్పట్లు ఒకరు నేర్పాలా? పెళ్ళిళ్ళలో కొట్టికొట్టి ఉన్న చేతులు. ఇద్దరి చప్పట్లూ ఒకదాని సందులో ఒకటి పడుతుంటే మధ్యలో నేను.

"ఛాతీ లేపు. మెడ పొడుగు చెయ్. నీ కాళ్ళకింద నేల నీది, ఎవరిదీ కాదు" అనేది మేడమ్. అరుగు మీద కూర్చోబెట్టిన పిల్లని కదా, ఆ మాటకు నా ఒళ్ళు పొంగిపోయేది. ఖైతాన్‌లో మా నాయన రొట్టె కోసం వరసలో నిలబడుతున్నాడు. పక్క వీధిలో ఒక ఇంటి అబ్బాయిని వాకిట్లోనే కాల్చేశారు. మేడమ్ మొగుడి కోసం ఎదురుచూస్తోంది. ఇన్ని జరుగుతుంటే నేను పొద్దున్న లేవగానే మధ్యాహ్నం కోసం ఎదురుచూసేదాన్ని. ఈ యుద్ధం ఇంకొన్నాళ్ళు ఉంటే సొలెయా కూడా వచ్చేస్తుంది కదా అని ఒకసారి నిజంగానే అనుకున్నాను. అనుకున్నానని ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఆమె నా దగ్గర వంగడం నేర్చుకునేది, మధ్యాహ్నం నేను ఆమె దగ్గర నిటారుగా నిలబడటం నేర్చుకునేదాన్ని. మా ఇద్దరిలో ఎవరికి లాభమో అప్పుడు లెక్క వేసుకోలేదు.

వీధి మూల కాపలా సైనికుల్లో ఒకాయన రోజూ మంచినీళ్ళకి గేటు దగ్గరకు వచ్చేవాడు. మీసాలు నెరిసిన మనిషి. బలవంతంగా మళ్ళీ సైన్యంలోకి పిలిచారని, నలుగురు ఆడపిల్లలున్నారని మామాతో చెప్పుకున్నాడు. మామా ఆయనకు నీళ్ళతో పాటు ఖర్జూరాలు ఇప్పించేది. ఆయన చెడ్డవాడని నేను చెప్పలేను. ఒకసారి మేడమ్‌ని చూసి, ఈమె ఎవరని అడిగాడు. మా ఊరామె, మూగది అన్నాను. పాపం అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమె ఎదురుపడ్డప్పుడల్లా మర్యాదగా పక్కకు తప్పుకునేవాడు.

ఎండ కాస్త తగ్గే కాలానికి మావాళ్ళు వెళ్ళిపోవడం మొదలైంది. ఇండియావాళ్ళను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చి, అక్కడి నుంచి విమానాల్లో ఎక్కిస్తున్నారు. నాయన వచ్చి, రేపు మధ్యాహ్నం కారు తెస్తా, బట్టలు సర్దుకో అన్నాడు. నేను రానన్నాను. మామాని ఎవరు లేపి కూర్చోబెడతారు అన్నాను. అది సగం నిజం. నాయన నా మొహం చూసి, మీ అమ్మ అక్కడ అన్నం మానేసిందంట అన్నాడు. నేను బట్టలు సర్దుకున్నాను. ఆ రాత్రే మేడమ్‌ని కూడా మాతో రమ్మని బతిమాలాను. మా వాళ్ళ మధ్యలో కూర్చోబెడతాం, మూగదంటాం అన్నాను. ఆమె మామా గది వైపు చూపించి, ఈమెను ఎక్కించడానికి బస్సుల్లో చోటు లేదు, ఈమెను వదిలి పోవడానికి నాకు కాళ్ళు లేవు అంది. ఆ దేశాల ఆడవాళ్ళను వదిలేస్తున్నారని రేడియోలో చెబుతున్నారు, తెల్లదేశం మనిషినని చెప్పుకుని పోవచ్చుగా అన్నాను. చెప్పుకుంటే ఎవరి భార్యవని అడగరా అంది. ఖాలిద్ సారు బతికుంటే ఆ జవాబు ఆయన మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి ఆమె సరోజగానే ఉండాలి. సైన్యం పోయేదాకా ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలి. ఆ ఇంట్లో ఇద్దరి బతుకు ఆ ఒక్క విషయం మీదే ఉంది. అది నాకు బాగా తెలుసు. తెలిసీ చేశాను ఆ పని.

నాయన ఎక్కి వచ్చిన కారులో అప్పటికే రాయచోటి వాళ్ళు నలుగురు ఇరుక్కుని ఉన్నారు. హారన్ మీద హారన్. లోపల మామా నా చెయ్యి వదలడం లేదు. ధూపం పళ్ళెం తెప్పించి, ఆ పట్టపగలు, నా చున్నీ కింద తిప్పింది. నేను ఆమె నుదురు ముద్దుపెట్టుకుని బయటకు పరిగెత్తాను. మేడమ్ నా సంచి తీసుకుని ముందే గేటు దగ్గర ఉంది, నేను నేర్పినట్టే భుజాలు ముందుకు వేసి, చూపు నేల మీద పెట్టి. ఆ నెరిసిన మీసాల సైనికుడు నీళ్ళ సీసా పట్టుకుని గేటు బయట నిలబడి ఉన్నాడు. లోపలే మొక్కి ఉండాల్సింది. లోపల గుర్తు రాలేదు. సంచి అందుకునేటప్పుడు ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. అంతే, నా ఒళ్ళు నన్నడగలేదు. అరుగు మీద కూర్చుని ఎన్ని వందల మందిని చూశానో, ఊరు విడిచిపోయే ముందు నాయన కాళ్ళ మీద పడేవాళ్ళను. నేనూ వంగి, రెండు చేతులతో ఆమె పాదాలు ముట్టి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నాను.

లేచి చూస్తే సైనికుడు మా ఇద్దర్నీ చూస్తున్నాడు. ఒక పనిమనిషి ఇంకో పనిమనిషి కాళ్ళకు ఎందుకు మొక్కుతుంది? నాయన కారులోంచి దూకినట్టు దిగి, వచ్చీరాని అరబీలో, అక్క, పెద్దక్క, మాలో ఇంతే అని నవ్వుతూ చెప్పాడు. ఆయన నవ్వు అంత వికారంగా నేనెప్పుడూ చూడలేదు. సైనికుడు "యల్లా, పోండి" అన్నాడు. మేడమ్ అప్పటికే వెనక్కి తిరిగి, చున్నీ అంచు పట్టుకుని, వంగి నడుస్తూ లోపలికి పోతోంది.

కారులో నాయన ఖైతాన్ మలుపులో, "యాడ మొక్కాల్నో యాడ మొక్కగూడదో గూడా చెప్పాల్నా నీకు" అన్నాడు. కాసేపటికి తనే, "నేర్పింది నేనే గదా, నిన్ననేదేముందిలే" అని కిటికీ వైపు తిరిగాడు. ఎడారిలో బస్సులు, అమ్మాన్ గుడారాలు, బొంబాయిలో చేతిలో పెట్టిన పులిహోర పొట్లం, ఇవన్నీ నేను నలుగురికీ కథలుగా చెప్పాను. ఆ గేటు దగ్గర సంగతి చెప్పలేదు. అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. కువైట్‌కు ఉత్తరం పోదు, ఫోను పోదు. చలికాలం వచ్చి బాంబులు పడుతున్నాయని రేడియో చెబుతుంటే, నేను ఆ ఇంటి నడవనీ, కిటికీల దుప్పట్లనీ తలుచుకునేదాన్ని. ఆ ఏడు రామనవమికి ఊళ్ళో చెక్కభజన పెడితే తలనొప్పని గదిలో పడుకున్నాను. నాయన కూడా చెక్కలు పట్టలేదు. ఆయన ఎందుకు పట్టలేదో ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు.

యుద్ధం అయిపోయి, షెడ్డు మళ్ళీ తెరిచి, నాయన కువైట్ వెళ్ళాక నెమ్మదిగా సంగతులు తెలిశాయి. మేము బయలుదేరిన మర్నాడే సైనికులు జీపులో వచ్చి మేడమ్‌ని తీసుకుపోయారు. బస్రాలో ఎక్కడో ఉంచారు. మామా ఆ ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. పక్కింటివాళ్ళు రోజుకోసారి వచ్చి అన్నం పెట్టి పోయేవాళ్ళు. చలికాలంలో పోయింది. పోయిన రోజు ఎవరూ దగ్గర లేరు. ఖాలిద్ సారు తిరిగి రాలేదు. మేడమ్ మాత్రం ఎండాకాలం ముందర ఖైదీలతో పాటు విడుదలై, ఆ ఖాళీ ఇంటికే తిరిగొచ్చింది. నాయన ఉత్తరంలో ఇన్నీ రాసి, చివర్లో, ఇది మనవల్లనే అనుకోవద్దు, ఎవరన్నా చెప్పుంటారు అని రాశాడు. అలా రాశాడంటే ఆయనా అదే అనుకుంటున్నాడని అర్థం.

నేనూ మళ్ళీ వెళ్ళాను, కొన్నేళ్ళకి, పెళ్ళై పిల్లలు పుట్టాక, ఖైతాన్‌లో వేరే ఇంటికి పనికి. ఖైతాన్ నుంచి మిష్రిఫ్ ఎంత దూరం? అయినా పోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ప్రతి శుక్రవారం ఏదో ఒక సాకు. ఇంక రేపు ఇంటికి విమానం అనగా వెళ్ళాను. తలుపు తీసింది మేడమే. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ఒక క్షణం ఆగి, పేరు పెట్టి పిలిచి, లోపలికి తీసుకెళ్ళింది. మేడ మీది గదిలోంచి గిటారు వినిపిస్తోంది. నలుగురు కువైటీ ఆడపిల్లలు సెవియానాస్ నేర్చుకుంటున్నారట. కిటికీలన్నీ తీసి ఉన్నాయి, చెక్క నేల మీద మడమల చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఏదో పాట పెద్దగా పెట్టుకుని బడి వార్షికోత్సవానికి గెంతులు వేస్తుంటే, సౌండు తగ్గించమని నేను అరిచేది ఎందుకో పిల్లకు తెలియదు. ముసలామెకు పాట గిట్టదనుకుంటుంది. నా చెవులు ఇంకా ఆ దుప్పట్లు కట్టిన నడవలోనే ఉన్నాయి.

టీ ఇచ్చింది. అడగడానికే వచ్చాను కాబట్టి అడిగాను. నేను మొక్కబట్టే కదా మేడమ్ అన్నాను. ఆమె కాదనలేదు. కాదంటుందని ఇన్నేళ్ళూ ఆశపడ్డానని అప్పుడు తెలిసింది.

"నువ్వు కిందికి చూస్తున్నావు, అందుకే నీకు కనపడలేదు" అంది. "నువ్వు నా కాళ్ళు ముట్టుకోగానే నేను నిటారుగా నిలబడ్డాను. మా మేనత్త ముందు నేను వంగినప్పుడు ఆవిడ ఎలా నిలబడేదో అలా. వారాల తరబడి వంగి ఉన్నాను పద్మా. నా ముందు ఒకరు వంగేసరికి ఒళ్ళు మర్చిపోయింది. అతను చూసింది నిన్ను కాదు, నన్ను. మర్నాడు తన ఆఫీసర్ని తీసుకొచ్చినప్పుడు నాతో అన్నాడు కూడా, అమ్మా, నీలా నిలబడే పనిమనిషి ఉండదని. కాబట్టి తప్పు నాది. ఉమ్ ఖాలిద్ ఒంటరిగా పోవడం నావల్ల."

నేను మొక్కకపోతే మీరు అలా నిలబడేవాళ్ళు కాదు కదా అన్నాను. నిలబడకపోతే మొక్కినా పరవాలేదు కదా అంది. ఇద్దరం చాలాసేపు ఆ తప్పుని చెరో వైపు లాక్కున్నాం. టీ చల్లారిపోయింది. పైన పిల్లలు పాఠం అయిపోయి కిందికి దిగారు, ఆమె బుగ్గకు బుగ్గ ఆనించి వెళ్ళిపోయారు. నేనూ లేచాను.

ఆమె నాతో గుమ్మం దాకా వచ్చింది. వచ్చి, రెండు కాళ్ళూ దగ్గరకు చేర్చి, భుజాలు దించి, మెడ పొడుగు చేసి, ఎదురుగా నిలబడింది. మా ఆచారం ఆమెకు తెలుసు. ఆమె ఎదురుచూస్తోందని నాకు తెలుసు. నడుం వంచాలని ఎంత అనుకున్నా వంగలేదు, చేతులు సంచిని వదల్లేదు. పోయొస్తా మేడమ్ అన్నాను. ఆమె ఇంకొంచెంసేపు అలాగే నిలబడి, తల ఊపి, తలుపు వేసుకుంది. నేను మొక్కకుండానే వచ్చేశాను. మొదటి తప్పును 'నాది' అని పంచుకోవడానికి ఆ రోజు ఆమె ఉంది. ఈ రెండోది నా ఒక్కదానిదే.